బురదబొజ్జకు పెట్టిన పేరు

నాకు అసహ్యం శానా ఎక్కువ. దాచుకునేదేముంది, మా వీధిలో అందరికీ తెలుసు. పాలగిన్నె అంచు మీద ఈగ వాలిందంటే ఆ పాలు పారబోయాల్సిందే. ఎంగిలి గరిటె కూరలో పెట్టినోళ్ళు ఎవరైనా సరే, నా నోటి నుంచి తప్పించుకోలేరు. "వసుంధర నోరా, అమ్మో!" అని వెనకాల అనుకుంటారు. అనుకోనీ. నా వంటింట్లో గచ్చు మీద అన్నం పెట్టుకోని తినొచ్చు.

ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు, దాని వెనక చిన్న పెరడు. పెరటి తలుపు తీస్తే సందు. పొద్దున సాంబ్రాణి పొగ వేసి అంగడి తెరిస్తే, మా ఆయనకు రాత్రి దాకా చీరలు విప్పడం, మడవడం. నెమ్మదస్తుడు. అంగడంతా విప్పించి ఏమీ కొనకుండా లేచిపోయే ఆడోళ్ళను కూడా నవ్వుతూ సాగనంపుతాడు. నేనైతే వాళ్ళకు నాలుగు తగిలించేదాన్ని.

శివరాత్రి దాటినాక మా అత్త ధనలక్ష్మమ్మ పోయింది. పదో దినం పెన్న ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. చెట్ల మీద కాకులు లేవా అంటే ఉన్నాయి. దిగవు. "నీ కొడుకును మేం చూసుకుంటాం తల్లీ, వచ్చి తిను" అని పెద్దోళ్ళు పిలిచినారు. ఎవరో గుర్తు చేస్తే ఆమెకు ప్రాణమైన ఓళిగలు, అవే బొబ్బట్లు, తెచ్చి పక్కన పెట్టినారు. ఊహూ. ఇసక కాలిపోతాంది, అందరికీ ఆకలి. ఆఖరికి అయ్యవారు "నీళ్ళల్లో వదిలెయ్యండప్పా, ఏం కాదు" అన్నాడు. అందరూ భోజనాలకు పోయినారు. మా ఆయన మాత్రం ఆ చెట్ల పక్కే చూస్తా నిలబడిపోయినాడు. ఇంటికొచ్చినా ఆయన మనసు ఆడనే ఉండిపోయింది.

"అన్న దిగాలుగా ఉండాడు వదినా, కొంచెం మనసు మళ్ళుతాది" అని షాహిద్ ఆయన ఫోన్‌లో ఒక ఆట ఎక్కించినాడు. షాహిద్ ఆయనకు చిన్నప్పటి స్నేహితుడు, జమ్మలమడుగులో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. మంచోడే పాపం. ఆ ఆటలో మన వీధులే కనపడతాయి, ఆ వీధుల్లో రకరకాల భూతాలు ఎదురుపడతాయి. కొట్లాడి గెలవాల. ఏది ఎదురుపడతాదో మన చేతిలో లేదు. కానీ ఒక కిటుకు ఉంది. ఒక భూతాన్ని ఎంచుకోని దాని మీద 'జాడ' పెట్టుకుంటే, మిగతావి తగ్గిపోయి అదే మాటిమాటికీ వస్తాది. దానికి ఒక పేరు పెట్టి, మేత పెట్టి, ఆ పేరుతో ఫోన్‌లోకి పిలిచేకొద్దీ జాడ గీత నిండుతా పోతాది, అది మనకు దగ్గరైతా వస్తాది. స్నేహితుల ఫోన్లలో కూడా అది ఆ పేరుతోనే కనపడతాది.

మా ఆయన ఎంచుకున్నది బురదబొజ్జ. ఛీ, ఇప్పుడు చెప్పాలన్నా నా నోట్లో నీళ్ళూరతాయి, వాంతికి ముందర ఊరేటివి. మొహం లేదు, కండ్లు లేవు. బొజ్జంతా నోరే. నడుస్తాంటే పసుపుపచ్చ జిగురు కారతాంటాది. తిన్నదాంట్లో సగం మళ్ళా బయటికొస్తాది, దాన్ని మళ్ళా నాకుతాది.

"ఇంతకన్నా మంచిది దొరకలేదా నీకు?" అన్నాను.

"ఇదొక్కటే కొట్లాడదు వసూ. పిలిస్తే వస్తాది. పెట్టింది తిని పోతాది."

ఒంగి చూస్తే దాని నెత్తి మీద పేరుంది. ధనలక్ష్మమ్మ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "థూ! కన్నతల్లి పేరు ఈ చీముముద్దకు పెడతావా? బుద్ధుందా నీకు?"

ఆయన తలెత్తలేదు. "ఆ పొద్దు అందరం పిలిస్తే రాలేదు కదా. ఈడ పిలిస్తే వస్తాంది" అన్నాడు.

వంటింట్లోకి పోయి గిన్నెలు తోముకున్నాను.

అక్కడితో ఆగుంటే బాగుండు. కొన్నాళ్ళకు ఫోన్‌లో మేత చాల్లేదు ఆయనకు. పెరటి గోడ మీద నిజం పళ్ళెం పెట్టడం మొదలుపెట్టినాడు. అలసంద వడలు, ఓళిగలు, మా అత్తకు ఇష్టమైనవన్నీ. పక్కన ఫోన్ నిలబెట్టి "అమ్మా, ధనలక్ష్మమ్మా, రా, తిను" అని పిలుస్తాడు. పెట్టింది తీయనీయడు. ఎండకు వడలు జిగురొచ్చి, చీమలు పట్టి, ఓళిగల్లో తెల్లటి పురుగులు. మెలికలు తిరుగుతాంటే ఆయన అంగడిలో ఉన్నప్పుడు నా చేత్తోనే తీసి పారేసి, చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ వాసన పోయేది కాదు. అరిచినాను, ఏడ్చినాను, పుట్టింటికి పోతానన్నాను. గోడకు చెప్పినా ఒకటే, ఆయనకు చెప్పినా ఒకటే.

ఒక పొద్దు నేను వాకిలి ఊడ్చేటప్పటికి ఆయన పెరట్లో నిలబడి చిన్నపిల్లోని మాదిరి ఏడుస్తాన్నాడు. పళ్ళెం ఖాళీ.

"అమ్మ తినింది వసూ."

"కుక్క తినుంటాది."

"అంత ఎత్తు గోడ మీదికి కుక్కా?"

దగ్గరికి పోయి చూసినాను. పళ్ళెం నాకేసినట్టుంది. అంచుల్లో పసుపుపచ్చ జిగురు ఆరిపోయి అట్ట కట్టింది. వాసన... కుంట ఎండిపోయినప్పుడు అడుగు బురదలో చచ్చిన చేపల వాసన, దాంట్లో పాసిపోయిన పెరుగు కలిపితే ఎట్లుంటాదో అట్ల. ఆడనే కక్కుకున్నాను.

నోరు కడుక్కోని వచ్చి ఆయన్ను కూర్చోబెట్టినాను. "ఏమప్పా, నువ్వే చెప్పు. మీ అమ్మ నేను తాకిన లోటా కూడా మళ్ళా కడిగి తాగిన మనిషి. చచ్చినంత మాత్రాన ఇట్ల నాకుతాదా? నువ్వు పిలుస్తాండావు సరే. పిలిచినోళ్ళే వస్తారని రాసుందా? ఆకలితో ఉండేది ఏదైనా వస్తాది."

ఆయన నన్ను చూసిన చూపు నేను ఎన్నడూ చూడలేదు. "మా అమ్మ నీకు బతికున్నప్పుడూ గిట్టలేదు" అన్నాడు. నెమ్మదస్తుడు, ఎన్నడూ నన్ను మాట అనని మనిషి. ఆ పొద్దు నాకు భయమైంది. ఆ పళ్ళేన్ని చూసి కాదు. నా మొగుడు నా చేయి జారిపోతాండాడు. అది నాకు బాగా తెలిసొచ్చింది.

వైశాఖంలో పులివెందులలో మా బంధువుల పెండ్లి. జనంలో కలిస్తే మారతాడేమోనని పట్టుబట్టి పిలుచుకోనిపోయినాను. పెండ్లిలో బాగానే ఉన్నాడు, నలుగురితో నవ్వినాడు. భోజనాల దగ్గర ఓళిగలు అడిగి మరీ ఒక స్టీలు డబ్బాకు పెట్టించుకున్నాడు. దారిలో తింటాడేమో అనుకున్నాను, నా పిచ్చి.

సాయంత్రం కారులో బయల్దేరినాం. ముద్దనూరు వచ్చినాక ఎర్రగుంట్ల పక్క తిప్పాల్సిన బండిని కొండాపురం పక్క తిప్పినాడు.

"యాడికప్పా?"

"ఊరికే. పది నిమిషాలు."

నాకు అర్థమైంది. మా అత్త పుట్టిన ఊరు గండికోట ప్రాజెక్టు నీళ్ళల్లో మునిగిపోయింది. ఆమె అన్నదమ్ములు కాలనీలో ఇండ్లు కట్టుకున్నారు గానీ, ఆమె మాత్రం ఆ నీళ్ళ దిక్కు ఎన్నడూ పోలేదు. ఆయన ఫోన్ నా ఒళ్ళో పెట్టినాడు. జాడ గీత నిండడానికి వెంట్రుకవాసి మిగిలింది.

పొద్దు కుంకుతాంది. పాత తారురోడ్డు నేరుగా నీళ్ళల్లోకి దిగిపోయింది. ఆడ కారు ఆపినాడు. చుట్టూ మనిషన్న పురుగు లేదు. నీళ్ళల్లో నిలబడి ఎండిపోయిన చెట్లు, వాటి కొమ్మలకు చిక్కుకున్న పాత గుడ్డలు. గాలి లేదు. తలుపు తీసినానో లేదో, అదే వాసన. మా పెరటి గోడ మీది వాసన. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

ఆయన డబ్బా మూత తీసినాడు. మధ్యాహ్నం నుంచి ఎండలో నిలబెట్టిన కారులో ఉడికి ఓళిగలు పులిసిపోయినాయి. బెల్లం నురగ కట్టింది. నీళ్ళ అంచున ఆకు పరిచి వాటిని పెట్టి, ఫోన్ పట్టుకోని గొంతు కూర్చున్నాడు.

"అమ్మా... ధనలక్ష్మమ్మా... మీ ఊరికే వచ్చినా. రా, తిను."

ఫోన్‌లో గీత నిండింది. తెరంతా పచ్చగా వెలిగింది.

"పోదాం పా. చీకటి పడతాంది" అన్నాను.

"గమ్మునుండు. వస్తాంది."

నాకు ఏమీ కనపడలేదు. నిజంగానే ఏమీ కనపడలేదు. వినపడింది, అంతే. నీళ్ళు కొంచెం కదిలినాయి. తర్వాత తడినేల మీద ఏదో బరువైనది ఈడ్చుకుంటా వచ్చిన చప్పుడు. ఆగింది. మళ్ళా ఈడ్చుకుంది... ఆకు గరగరలాడింది. చప్... చప్... పండ్లు లేని నోరు నమిలినట్టు. మింగింది. కక్కింది. మళ్ళా నాకింది.

నేను కొంగు ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"నిదానంగా తినమ్మా" అంటాండాడు ఆయన. ఏడుస్తా, నవ్వుతా. లేచి నీళ్ళ పక్క అడుగేసినాడు. "అమ్మ పోతాంది వసూ. నన్ను రమ్మంటాంది."

"ఏమప్పా! ఆగు!"

రెక్క పట్టుకోని గుంజినాను. విదిలించుకున్నాడు. మళ్ళా పట్టుకున్నాను. ఫోన్ జారి నీళ్ళల్లో పడింది. కొంచెంసేపు నీళ్ళ అడుగున పచ్చగా వెలిగి ఆరిపోయింది. దబ్బుమని చప్పుడు... ఆయన పడినాడు. నా చేతిలో ఆయన రెక్క లేదు.

చీకటి.

"ఏమప్పా! యాడుండావు?"

పలకలేదు.

మా ఇండ్లల్లో మొగుని పేరు నోటితో చెప్పం. ఆయుష్షు తగ్గుతాదంటారు. రేషన్ కార్డు కాడ అడిగినా పక్కనోళ్ళతో చెప్పిస్తాం. పెండ్లైనప్పటి నుంచి ఆ పేరు నేను పలకలేదు. ఆ పొద్దు మాత్రం నాకు ఆచారం, ఆయుష్షు ఏమీ గుర్తుకు రాలేదు. ఆడ ఆకు పరిచుందని గుర్తుకు రాలేదు. పేరు పెట్టి పిలిచేచోట నిలబడి ఉండానని గుర్తుకు రాలేదు. గొంతు చించుకోని అరిచినాను.

"దినేష్! దినేషూ!"

"ఆ... వస్తాండా వసూ" అన్నాడు. ముందర నుంచి, నీళ్ళల్లో నుంచి.

"ఆ... వస్తాండా వసూ" అన్నాడు. నా కుడిపక్క నుంచి, ఆకు దగ్గర నుంచి.

ఒకటే గొంతు.

నేను కదల్లేదు. ఒక చేయి వచ్చి నా చేతిని పట్టుకుంది. చల్లగా, జిగురుగా, వేళ్ళ సందుల్లో బురద. బురదలో పడినోని చేయి ఎవరిదైనా అట్లనే ఉంటాది కదా? ఉంటాది. అట్లనే అనుకున్నాను. పట్టుకోని పరిగెత్తినాను. కారు వెనక సీట్లోకి తోసి, నేనే తోలినాను. వెనక నుంచి మాట లేదు. మూసిన కారులో ఆ కంపు... కిటికీలు దించి కక్కుకుంటానే తోలినాను. ముద్దనూరు లైట్ల కింద ఆపి, భయం భయంగా వెనక్కి తిరిగి చూసినాను.

మా ఆయనే. బురద కారుతా నన్ను చూసి నవ్వినాడు. నేను గట్టిగా ఏడ్చేసినాను.

ఆట మానేసినాడు. కొత్త ఫోన్ వద్దన్నాడు. పొద్దున్నే అంగడి తెరుస్తాండాడు, చీరలు విప్పుతాండాడు, మడుస్తాండాడు. "మీ ఆయన మనుషుల్లో పడినాడు" అని అందరూ అంటాండారు. నేనూ దేవునికి టెంకాయ కొట్టినాను.

కానీ వేడి అన్నం ముట్టడు. పొగలొచ్చే అన్నం ముందర పెడితే చేయి వెనక్కి తీసుకుంటాడు. "తర్వాత తింటాలే" అంటాడు. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి అంటే ప్రాణమిచ్చే మనిషి, దాని పక్క చూడడు. ఒక మధ్యాహ్నం వంటింట్లో చప్పుడైతే పోయి చూసినాను. బర్రెలోళ్ళ కోసం పెట్టే కుడితి బకెట్టు ముందర గొంతు కూర్చోని ఉండాడు. రెండు చేతులూ మోచేతుల దాకా దాంట్లోనే. పాసిపోయిన అన్నం, కూరగాయల తొక్కలు, నురగ. మూతి నిండా కారుతా నన్ను చూసి నవ్వినాడు.

"బాగుంది వసూ" అన్నాడు.

ఆ పొద్దు నేను అరవలేదు. ఇప్పుడు నేనే రోజూ అన్నం వండి, ఎండలో పెట్టి, అది కంపు కొట్టినాక ఆయన ముందర పెడతాండాను. నేను. పాలగిన్నె మీద ఈగ వాలితే పాలు పారబోసే నేను.

అట్ల ఉండగా షాహిద్ ఫోన్ చేసినాడు.

"వదినా, పని మీద కొండాపురం పోయింటి. నా ఫోన్‌లో ఒక బురదబొజ్జ కనపడినాది, ఆ నీళ్ళ దగ్గర. దాని పేరు అన్న పేరు."

"ఎవరు పెట్టినారు?"

"అదే నాకూ తెల్లేదు. అన్న ఫోన్ నీళ్ళల్లో పోయినాది కదా. నేనైతే పెట్టలేదు, అల్లా మీద ఒట్టు. ఏం మేత పెట్టినా తినడంలేదు వదినా. ఊరికే కూర్చోని నా పక్కే చూస్తాంది. దానికి కండ్లు లేవు కదా... అయినా చూస్తాంది. నేను బండెక్కితే ముద్దనూరు దాకా వెంటబడి వచ్చింది. నాకు భయమేసి ఆట తీసేసినా."

నేను గోడకు ఆనుకోని కూర్చుండిపోయినాను. పేరు ఎవరు పెట్టినారో నాకు తెలుసు. ఆ ఒడ్డున ఆ పేరుతో గొంతు చించుకోని పిలిచింది నేనే. ఇద్దరు పలికితే ఒకరినే తెచ్చుకున్నాను. రెండోవాణ్ణి ఆడనే వదిలేసి వచ్చినాను.

"షాహిద్, ఆ ఆట నా ఫోన్‌లో ఎక్కించు" అన్నాను.

జాడ పెట్టినాను. ఆ పేరున్న బురదబొజ్జను ఎంచుకున్నాను. తెర మీద దాని బొజ్జ, దాని జిగురు. అయినా చూస్తానే కూర్చున్నాను. మా ఆయన అంగడిలో ఉన్నప్పుడు వంటింటి తలుపేసుకోని, కొంగు నోటికి అడ్డం పెట్టుకోని, సన్నగా ఆ పేరు పిలవడం మొదలుపెట్టినాను. గీత కొంచెం కొంచెం నిండుతాంది. తెర మీది మ్యాపులో దాని చుక్క ముద్దనూరు నుంచి కదిలింది. ఎర్రగుంట్ల వచ్చింది. పెన్న దాటింది. మా వీధి మొదట్లోకి వచ్చి ఆగింది.

నిన్న సాయంత్రం అంగడిలో గిరాకీ బాగుంది. ముందర నుంచి ఆడోళ్ళ మాటలు వినపడతాండాయి. అన్నం వండి వేడివేడిగా ఆకులో పెట్టి, పప్పు, నెయ్యి, ఊరిబిండి వేసి, పెరటి తలుపు తీసి సందు మెట్టు మీద పెట్టినాను. సందులో ఎవరూ లేరు.

"దినేష్... రా అప్పా. వేడి అన్నం. నీకే పెట్టినా."

వాసన వచ్చింది. అదే బురద, అదే చచ్చిన చేపలు. నేను ముక్కు మూసుకోలేదు. నా కండ్లల్లో నీళ్ళు కారతాండాయి గానీ మూసుకోలేదు. ఈడ్చుకుంటా వచ్చిన చప్పుడు మెట్టు దగ్గర ఆగింది. కలిపిన చప్పుడు. నిదానంగా ముద్ద చేసిన చప్పుడు. నాకడం లేదు, కక్కడం లేదు. మనిషి తిన్నట్టే...

"ఎవర్ని పిలుస్తాండావే?"

వెనక నుంచి. వంటింటి గడపలో నిలబడి ఉండాడు. అంగడిలో ఆడోళ్ళ మాటలు ఎప్పుడు ఆగిపోయినాయో నేను గమనించలేదు.

"ఎవర్నీ లేదప్పా."

"నా పేరు వినపడినాది."

నవ్వుతాండాడు. ఒక్క అడుగు ముందుకేసినాడు. నేను తలుపుకు అడ్డం నిలబడినాను. నా వెనకాల మెట్టు మీద చప్పుడు ఆగిపోయింది. ఈడ్చుకుంటా పోయిన చప్పుడు... సందు చివరికి... తర్వాత అదీ లేదు.

మెల్లగా తిరిగి చూసినాను. ఒక్క మెతుకు మిగల్చలేదు. ఆకు శుభ్రంగా మడిచి ఉంది. పెండ్లిలో, పండగలో తిన్నోళ్ళం ఆకును మన పక్కకు మడుస్తాం. చావింట్లో దినం భోజనం చేసినప్పుడు మాత్రం అవతలి పక్కకు మడుస్తాం.

ఆ ఆకు అవతలి పక్కకు మడిచి ఉంది. తిన్నది ఎవరి దినం భోజనమో నాకు తెల్లేదు.